చన్నీళ్ళు పోసిన రోజు

కృష్ణానగర్‌లో షెడ్డు నడిపినన్నాళ్ళూ నేను చేసిన పని ముఖ్యంగా ఒకటే, వేడెక్కిన ఇంజన్లను చల్లబరచడం. ఒక్క మధ్యాహ్నం మాత్రం, చక్కగా నడుస్తున్న ఇంజన్ను నా చేతులతో నేనే కావాలని వేడెక్కించాను. ఆ సంగతి చెప్తాను. ఈ పనిలో కొత్తగా దిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కాస్త ఆగి వినండి. మీకు ల్యాప్‌టాప్ తగిలిస్తే బండి తన రోగం తానే చెప్పుకుంటుంది. మాకు చెయ్యి కాలితే గాని తెలిసేది కాదు.

మా షెడ్డు ఉన్న చోటు మంచిది. నాకు మంచిదని నా ఉద్దేశం, బండ్లకు కాదు. కృష్ణానగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా రోడ్డంతా ఎత్తు. వయసు మీరిన కారేదైనా ఆ ఎత్తు ఎక్కుతూ ట్రాఫిక్‌లో చిక్కుకుందంటే, డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలెడుతుంది. కొందరు పైదాకా వెళ్ళి, ఆవిర్లు కక్కించి, ఇంజన్ ఆపి వెనక్కి దొర్లించుకుంటూ మా దగ్గరికి వచ్చేవాళ్ళు. కొందరు సగంలోనే ఆగి కబురు పెట్టేవాళ్ళు. రేడియేటర్‌లో తుప్పు పేరుకుని దారులు మూసుకుపోయి ఉండేవి, లేకపోతే ఫ్యాన్ బెల్టు సాగిపోయి ఉండేది, హోస్ పైపు పగిలి ఉండేది. ఏమీ కనపడకపోతే నీళ్ళు తిప్పే పంపు అరిగిపోయి ఉండేది. ఏమైతేనేం, ఆ ఎత్తే మాకు అన్నం పెట్టింది.

మాకు అన్నాను గదా, షెడ్డులో ఇద్దరం ఉండేవాళ్ళం. నేను గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజన్ మేస్త్రీని. రెండోవాడు యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిన ఎలక్ట్రీషియన్. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు. కిరాయి చెరిసగం, టీ చెరిసగం, తిట్లు మాత్రం ఎవరివి వాళ్ళవి. అన్న స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. కరెంటు మేస్త్రీకి ఇంజన్ చప్పుడుతో పనేంటని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఆయన చెప్పింది తప్పయిన రోజులు మాత్రం నాకు పెద్దగా గుర్తులేవు.

ఆ క్రీమ్ రంగు కారు మా షెడ్డుకు మొదటిసారి వచ్చినప్పుడు అందులోంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళు దిగారు. మొహాల నిండా మేకప్, జడల్లో చమ్కీలు, పైన మామూలు చున్నీలు కప్పుకుని ఉన్నారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. నడిపిన ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"మేస్త్రీ గారూ, తొమ్మిదింటికి మేం స్టూడియోలో ఉండాలండీ. ఏం చేస్తారో చెయ్యండి."

"ఎనిమిదిమందిని మోసే ఓపిక ఈ కారుకు లేదండి," అన్నాను.

"దానికి అలవాటేనండీ. నిన్న తొమ్మిదిమందిమి," అంది.

ఆవిడ గ్రూప్ డాన్సర్. గోదావరి జిల్లా నుంచి చిన్న వయసులోనే మద్రాసు వెళ్ళి, పాటల షూటింగులు ఇక్కడికి మారినప్పుడు అందరితో పాటు వచ్చి కృష్ణానగర్‌లో ఒక చిన్న వాటాలో దిగింది. హీరోయిన్ వెనకాల మూడో వరస, ఎడమ చివర. అది తన అడ్రసు అని నవ్వుతూ చెప్పేది. మద్రాసు తిరిగి వెళ్ళిపోతున్న ఒక మేకప్‌మేన్ దగ్గర ఆ కారు కొనుక్కుంది. గ్రూప్ డాన్సర్‌కు కారుండటం మా సందుల్లో అప్పట్లో వింత. కానీ ఆవిడ దర్జాకు కొనలేదు. షూటింగ్ అయ్యాక కంపెనీ వ్యాను ఆడపిల్లలను చెక్‌పోస్టు దగ్గర దింపేసి పోయేది. అక్కణ్ణుంచి ఆ మేకప్ మొహాలతో నడిచి వస్తుంటే దారిలో వినాల్సినవన్నీ వినాల్సి వచ్చేది. ఆవిడ కారు కొన్నాక ఆ సందులో ఆడపిల్ల ఒక్కతీ నడిచి రాలేదు.

ఆ రోజు మొదలుకొని చాలా ఏళ్ళు ఆ కారు నా చేతిలోనే ఉంది. దాని ఇంజన్లో నేను విప్పని నట్టు లేదు. సీట్ల కింద, కార్పెట్ కింద చమ్కీలు దొరికేవి, ఒకసారి ఎయిర్ ఫిల్టర్‌లో కూడా. అన్న వాటిని ఏరి ఒక సీసామూతలో వేసేవాడు. "బంగారం పని జేస్తున్నట్టుంది తమ్మీ," అనేవాడు. ఆవిడ ఉదయం వచ్చి తాళంచెవి బల్లమీద పెట్టి, ఏమయిందో రెండు ముక్కల్లో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కేది. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని ఏనాడూ అడగలేదు. నేను చూసిన ఓనర్లందరిలో అలాంటి మనిషి ఆవిడొక్కతే. నమ్మకమంటే అదే అని అప్పుడు నాకు తెలియదు. పని ఒత్తిడి అనుకున్నాను.

తర్వాత ఒక వాన పాటలో కాలు జారి మోకాలు దెబ్బతింది. డాన్సు మానేసి, శ్రీనగర్ కాలనీలో ఇద్దరు ముగ్గురి ఇళ్ళల్లో పిల్లలకు డాన్సు నేర్పడం మొదలెట్టింది. క్లచ్ తొక్కే కాలే దెబ్బతిన్నది. అయినా కారు మానలేదు. నడక కష్టమైంది కాబట్టి కారు అవసరం ఇంకా పెరిగింది. నేను క్లచ్ కాస్త మెత్తబడేలా సర్ది ఇచ్చాను.

కారు షెడ్డులో ఉన్న ఒక రోజు, ఒక ప్రొడక్షన్ మేనేజరు తన బండి బ్రేకుల కోసం వచ్చాడు. క్రీమ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇదెవరిది? మాకు సరిగ్గా ఇలాంటిదే కావాలి. హీరోయిన్ ఫాదర్ వెహికల్. టూ డేస్ షూట్, ఇక్కడే ఫిల్మ్‌నగర్‌లో."

సాయంత్రం ఆవిడకు చెప్పాను. కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"హీరోయిన్ ఎక్కుతుందాండీ ఇందులో?"

"ముందు సీట్లోనేనట."

"ఏం కాదు కదండీ దీనికి?"

"రెండు రోజులూ నేను పక్కనే ఉంటానండి. గీత కూడా పడనివ్వను," అన్నాను.

ఆ మాట నేనే ఇచ్చాను. ఎవరూ నా చేత ఇప్పించలేదు.

షూటింగు రోజు పొద్దున్నే కారును ఆవిడే కడిగింది. పెళ్ళిచూపులకు పిల్లను తయారుచేస్తున్నంత హడావిడి చేసింది. అద్దాలు పాత పేపరుతో తుడిచి, డ్యాష్‌బోర్డుకు కొబ్బరినూనె రాయబోతే నేనే వద్దన్నాను. తాను కూడా మంచి చీర కట్టుకుని నాతో వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఎగువ సందు ఒకటి తీసుకున్నారు. బాగా ఏటవాలు. మొదటి రోజు ఏ గొడవా లేకుండా గడిచింది. కారు వచ్చి ఆగుతుంది, తండ్రి దిగుతాడు, కూతురు దిగుతుంది. ఆవిడ మానిటర్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆవిడను గుర్తుపట్టిన ఇద్దరు ముగ్గురు పాత టెక్నీషియన్లు వచ్చి పలకరించి వెళ్ళారు.

రెండో రోజు మధ్యాహ్నం సీను వేరు. తండ్రీ కూతురూ పరీక్షకు వెళ్తుంటే దారిలో కారు వేడెక్కి ఆగిపోతుంది. తండ్రి బానెట్ ఎత్తి ఆవిరి మొహాన కొడితే వెనక్కి పడతాడు. హీరో బైకు మీద వస్తాడు. ఆవిరి కోసం పొగ మిషన్ తెచ్చారు. కానీ ఆ రోజు గాలి తిరిగింది. పొగంతా హీరోయిన్ కళ్ళల్లోకి పోతోంది. డైరెక్టర్ మానిటర్‌లో చూసి మొహం చిట్లించాడు.

"ఇది దోమల మందు కొట్టినట్టుంది. నాకు పొగ వద్దు, ఆవిరి కావాలి. మరిగిన బండి ఇలా ఉంటుందా?"

అసిస్టెంట్ డైరెక్టర్ అటూ ఇటూ చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీరు మెకానిక్ కదా. రియల్‌గా హీట్ చెయ్యొచ్చా? జస్ట్ వన్ షాట్."

కుదరదు అని ఉండాల్సింది. ఒక్క మాట. కానీ యూనిట్ మొత్తం, లైట్లవాళ్ళ దగ్గర్నుంచి హీరో దాకా, నావైపే చూస్తున్నారు. పాతికేళ్ళకు పైగా ఫిల్మ్‌నగర్‌కు కూతవేటు దూరంలో బతికాను. ఆ లోకం ఒక్కసారైనా నావైపు తిరిగి నిలబడింది లేదు. ఆ చూపులు నా తలకెక్కాయి. దూరంగా కుర్చీలో ఉన్న ఆవిడ కూడా లేచి నావైపు చూసింది. ఏం కాదన్నట్టు చెయ్యి ఊపాను.

"చెయ్యొచ్చు. నేను చెప్పినట్టు వినాలి," అన్నాను అసిస్టెంట్‌తో.

నా లెక్క తప్పుకాదు. ఫ్యాన్ బెల్టు తీసేసి, ఎండలో ఇంజన్ ఆన్‌లో ఉంచితే పది నిమిషాల్లో నీళ్ళు మరుగుతాయి. రేడియేటర్ మూత సగం వదులు చేస్తే ఆవిరి వస్తుంది. షాట్ అవ్వగానే ఆపేసి, అరగంట ఆరనిచ్చి, బెల్టు వేసుకుని నీళ్ళు నింపుకుంటే బండికి ఏమీ కాదు. మొదటి షాట్‌కు ఆవిరి బాగా వచ్చింది. హీరోకు నవ్వొచ్చి పాడయింది. నేను చెప్పిన అరగంటా ఆగారు, సణుక్కుంటూనే. రెండో షాట్ ఇంకా బాగా వచ్చింది. సరిగ్గా మధ్యలో వాటర్ ట్యాంకరొకటి హారన్ కొడుతూ ఫ్రేములోకి వచ్చేసింది.

మూడోసారికి ఎండ వాలుతోంది, పిల్లల డాన్సు క్లాసుకు వేళయిందని ఆవిడ అప్పటికే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. కెమెరామేన్ ఆకాశం వైపు, డైరెక్టర్ వాచీ వైపు చూస్తున్నారు. అసిస్టెంట్ నా పక్కనే నిలబడి నిమిషానికోసారి "సార్, సార్" అంటున్నాడు. ఈసారి ఆరనివ్వలేదు. ఇంజన్ మళ్ళీ ఆన్ చేయించాను. రెండుసార్లు మరిగి నీళ్ళు సగానికి పైగా పోయాయేమో, రేడియేటర్ నుంచి ఆవిరి సన్నగా, దారంలా వస్తోంది.

"ఆవిరేది? ఆవిరేది?" అని మైకులో కేక.

కంగారులో ఇంజన్ ఆపేశాను. పక్కనే ప్రొడక్షన్ వాళ్ళ నీళ్ళ క్యాను ఉంది, ఐసు వేసింది. అది ఎత్తి వేడి ఇంజన్ మీద పోసేశాను.

నా షెడ్డులో కస్టమర్లను నేను ఎక్కువసార్లు తిట్టింది ఈ పనికే. కాలిన పెంకు మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో మీ ఇంట్లో ఆడవాళ్ళను అడగండి అనేవాణ్ణి. లోపల ఇనుము ఎర్రగా కాలి ఉంటే దానిమీద చన్నీళ్ళు పొయ్యకూడదు. దానంతట అది చల్లారేదాకా ఆగాలి. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్చుకునే పాఠం అది.

ఆవిరి మనిషెత్తున లేచింది. ఆ రెండు రోజుల్లో అంత ఆవిరి రాలేదు. "రోల్, రోల్," అని అరిచారు. నేను బానెట్ దించేసి పక్కకు దూకాను. దూకుతూ ఉండగా ఒక చప్పుడు వినపడింది. టక్ మని, చిన్నది. గాజుగ్లాసులో మరిగే టీ పోస్తే చిట్లినంత. ఇంకెవరికీ వినపడి ఉండదు.

షాట్ ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ నావైపు బొటనవేలు చూపించాడు. ఆ చప్పుడు విన్న తర్వాత కూడా, ఆ చప్పట్లకు నేను నవ్వాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

కారును తాడు కట్టి షెడ్డుకు చేర్చాం. తెల్లారి అన్న నాకన్నా ముందే వచ్చి, ఇంజన్లో నూనె చూసే పుల్ల బయటికి తీసి పట్టుకుని నిలబడ్డాడు. నల్లగా ఉండాల్సిన నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్ళు నూనెలో కలిశాయంటే అర్థం ఒకటే. ఇంజన్ తలకాయ, మేం హెడ్ అంటాం, అది చిట్లింది. అన్న నూనె వంక చూశాడు, నా వంక చూశాడు.

"గరం మీద నీళ్లు వోసినవా తమ్మీ?"

"పోశానన్నా."

"నువ్వే?"

"నేనే."

పుల్లను గుడ్డతో తుడిచి మెల్లగా లోపల పెట్టాడు. తర్వాత అన్నాడు, "అక్కకు చెప్పకు. ముసలి బండి. ఇయ్యాల గాకుంటె రేపు పోయేదే. ఇంకో హెడ్ దొరుకుతది, ఏస్తం. ఆమెకు ఎర్కనే గాదు."

సినిమా కంపెనీ మేనేజరుకు ఫోన్ చేశాను. వాళ్ళు అప్పటికే వేరే ఊరు షూటింగుకు బయల్దేరారు. "పాత బండి కదండీ, ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి," అన్నాడు. ఒళ్ళు మండింది. తిట్టి ఫోన్ పెట్టేశాను.

పదకొండింటికి ఆవిడ వచ్చింది. విప్పి పెట్టిన ఇంజన్ను చూసి, పక్కన స్టూలు మీద కూర్చుంది.

"వయసైపోయింది కదండీ పాపం. ఎండలో అంతసేపు నిలబెట్టేశారు."

"అవునండి," అన్నాను.

మేనేజరు అన్నదే నేనూ అన్నాను. వాడు ఆరు మాటల్లో అన్నది నేను ఒక్క మాటలో తేల్చేశాను.

ఆ మోడల్ హెడ్ తయారీని కార్ల కంపెనీ మానేసి ఎన్నో ఏళ్ళయింది. ఒక లేత్ మేస్త్రీ వెల్డింగ్ పెట్టి చూశాడు, నిలవలేదు. ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆవిడ రోజూ సాయంత్రం మా షెడ్డు ముందు నుంచే వెళ్ళేది. సందు చివర ఆటో ఎక్కడానికి, ఆ మోకాలితో, గోడలు పట్టుకుంటూ. కొన్ని రోజులు ఆటోలు ఆగేవి కావు. మేం కనపడితే చెయ్యి ఎత్తి నవ్వేది. నేను బానెట్‌లోకి తల దూర్చేసేవాణ్ణి. పనేమీ లేకపోయినా.

అన్న ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం మాయమై, పొద్దుగూకే వేళకు స్కూటర్ మీద వచ్చాడు. కాళ్ళ మధ్య గోనెసంచిలో చుట్టిన మూట. విప్పితే హెడ్. నగరానికి ఆ కొసన ఉన్న తుక్కు దుకాణాలన్నీ తిరిగాడట. మోకాళ్ళ నిండా గ్రీజు, మొహం నిండా దుమ్ము.

"చెప్పకు అన్నది నేనే," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "గని రోజు నీ మొకం జూడలేకపోతున్న. జెప్తే జెప్పు. జెప్పకుంటే మర్చిపో. నడుమ గిట్ల ఏలాడకు."

హెడ్ బిగించాం. ఇంజన్ అందుకుంది. అన్న స్క్రూడ్రైవర్ చెవి దగ్గర పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపాడు. నడుస్తుంది గాని, మునుపటిలా లేదు. వేరే బండిలో అరిగిన తలకాయ ఈ మొండేనికి పూర్తిగా అతకదు. చదునైన రోడ్డు మీద ఇబ్బంది లేదు. ఎత్తు ఎక్కితే ముల్లు లేస్తుంది.

మర్నాడు ఆవిడ కారు తీసుకెళ్ళడానికి వచ్చింది. అన్న టీ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయాడు, పొద్దున టీ అప్పుడే అయినా. తాళంచెవి ఆవిడ చేతికివ్వకుండానే చెప్పాను.

"మేడమ్, ఇది వయసైపోయి పోలేదండి. నేను పాడుచేశాను. వేడి మీద చన్నీళ్ళు పోశాను. ఎవరు పోసినా ఊరుకోను నేను, అలాంటిది నేనే పోశాను. ఆ రోజు మీరు అడిగినప్పుడు అవునన్నాను. అది అబద్ధం."

ఆవిడ నా మొహం వంక చూడలేదు. కారు వంక చూస్తోంది. సందులో ఎవరో ఇస్త్రీబండి మీద బొగ్గులు విసురుతున్నారు.

"షాట్ ఓకే అయిందాండీ?" అంది.

నాకు అర్థం కాలేదు. "అయిందండి. అదే ఓకే చేశారు," అన్నాను.

"వాన పాటలో నేను పడ్డప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదేనండీ. మోకాలు పక్కకి తిరిగిపోయింది. మాస్టర్ పరుగెత్తుకొస్తున్నారు. నేను మాత్రం షాట్ ఓకేనా మాస్టర్ అంటున్నాను." చేత్తో మోకాలు నిమురుకుంది. "ఓకే కాలేదట. ఇంకో అమ్మాయిని పెట్టి మళ్ళీ తీశారు. దీనిది ఓకే అయింది కదా. పోనీలెండి."

తాళంచెవికి చెయ్యి చాపింది. ఇచ్చాను. కారెక్కి వెళ్ళిపోయింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ తర్వాత నుంచి ఆవిడ కారు తెచ్చినప్పుడు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళడం మానేసింది. స్టూలు లాక్కుని కూర్చునేది. "అదేంటండీ? అదెందుకు విప్పుతున్నారు? ఆ పైపు మార్చాలాండీ?" ఎంతో మర్యాదగా, ఎప్పటిలాగే నవ్వుతూ. నేను అన్నిటికీ జవాబు చెప్పేవాణ్ణి. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు, సొంత బండి గురించి ఎవరైనా అడుగుతారు. కానీ ఆ ప్రశ్న ఒక్కొక్కటీ నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఒకరోజు అన్నతో ఆ మాటే అన్నాను.

"నీకు దిమాక్ లేదు తమ్మీ. వేరేటోళ్లయితే వేరే షెడ్డుకు వోదురు. ఆమె గీడనే గూసుంటుంది. గది సూడు."

దాదాపు ఏడాదికి ఆ సినిమా విడుదలైంది. మ్యాట్నీకి టిక్కెట్లు తీసుకుని ఆవిడే కారులో షెడ్డు ముందుకు వచ్చింది. "ఇద్దరూ ఎక్కండి," అంది. అన్న థియేటర్ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో. ఉతికిన చొక్కా కోసం ఇంటికి పరుగెత్తాడు. అమీర్‌పేట వైపు ఒక పాత థియేటర్. బాల్కనీలో మా ఇద్దరి మధ్య ఆవిడ కూర్చుంది.

ఇంటర్వెల్‌కు కాస్త ముందు వచ్చింది ఆ సీను. తెరనిండా మా కారు. తండ్రి బానెట్ ఎత్తాడు. నేను పోసిన నీళ్ళు ఆవిరై తెర పైఅంచు దాకా లేచాయి. ఆయన వెనక్కి పడ్డాడు. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో ఎవరో ఈల వేశారు. ఆ టక్ అన్న చప్పుడు ఎక్కడ వస్తుందోనని నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. దానిమీద తబలా దరువు వేశారు.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత బాగా చేసిందండీ," అంది కారు గురించి. "అంత దగ్గరగా చూపిస్తారనుకోలేదు."

బయటికొచ్చేసరికి ఎండ తగ్గింది. కారెక్కాక, ఆ షాట్ తీసిన చోటు ఒకసారి చూసి వద్దామంది. ఎత్తు వద్దని నేను అనాల్సింది. అనలేకపోయాను. శ్రీనగర్ కాలనీ దాటి పైకి ఎక్కుతుంటే ముల్లు లేవడం వెనక సీట్లోంచే చూశాను. ఆవిడా చూసింది. జూబ్లీహిల్స్‌లో ఒక మలుపు దగ్గర, ఎత్తైన గోడ మీంచి కాగితం పూలు వేలాడుతున్న బంగళా పక్కన, ఎవరూ చెప్పకుండానే ఆపేసింది. నేను దిగి బానెట్ ఎత్తాను. మూత ముట్టుకోలేదు.

బంగళా వాచ్‌మన్ వచ్చాడు. "ఇక్కడ ఆపొద్దు సార్."

"గిది సినిమా బండి బాబా," అన్నాడు అన్న. "ఇయ్యాల్నే రిలీజైంది. జర ఇజ్జత్ ఇయ్యి."

వాచ్‌మన్‌కు ఏమర్థమైందో గాని, ఆవిడ కాలు చూసి లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఇంకోసారి వెళ్ళి ఫ్రిజ్ నీళ్ళ సీసా తెచ్చాడు, ఇంజన్లో పోస్తానని. ముగ్గురం ఒక్కసారే వద్దన్నాం. ఆ తర్వాత మా ముగ్గురికీ వచ్చిన నవ్వు అతనికి అర్థం కాలేదు. సీసా ఆవిడ తాగింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఎదురుగా కనపడే ఇళ్ళను చూపిస్తూ చెప్పడం మొదలెట్టింది. ఫలానా లాన్‌లో మూడు రోజులు పెళ్ళి పాట తీశారని, ఫలానా మేడ మీద ఎండకు ఇద్దరు పిల్లలు పడిపోయారని. అన్న కారు బంపర్‌కు ఆనుకుని వింటున్నాడు. మధ్యలో ఆవిడ, మామూలుగా, రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పింది. మోకాలికి ఆపరేషన్ చేయించుకోవాలి, ఇక్కడ చూసుకునేవాళ్ళు లేరు. వీధిదీపాలు వెలిగాయి.

ఆ నెలలోనే వెళ్ళిపోయింది. షూటింగులకు పాత బండ్లు అద్దెకిచ్చే మనిషి కారును తీసుకెళ్ళాడు. ఇంజన్ తీసేసి తోసుకుంటూ వాడతారని విన్నాను. కొన్నాళ్ళు పండగలకు ఫోన్ చేసేది, తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. రెండేళ్ళకు వానాకాలంలో అన్న పోయాడు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు. నేను మధురానగర్‌లో ఉంటున్నాను. సాయంత్రాలు నడక పేరుతో అటువైపు వెళ్తుంటాను. ఇప్పటి కార్లు ఆ ఎత్తు ఉష్షుమనకుండా ఎక్కేస్తున్నాయి.

పనిలో ఉన్నప్పుడు మనకు రోజులన్నీ ఒకేలా కనపడతాయి, పిల్లలూ. ఏది దాచుకోవాలో తెలియదు. నాకు ఏం కావాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ మలుపు దగ్గర అరగంట కావాలంటాను. ఆవిడ కుర్చీలో, అన్న బంపర్ దగ్గర, నేను బానెట్ పక్కన. ముగ్గురికీ చెయ్యడానికి పనేమీ లేదు, ఇనుము చల్లారేదాకా ఆగడం తప్ప. నేను మధ్యమధ్య వెళ్ళి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాను.

చల్లారింది, వెళ్దాం అని ముందన్నది నేనే. ఇంకో పది నిమిషాలు పడుతుందని చెప్పి ఉండాల్సింది.